పొలిమేర దాటని సీసాలు

ఫిబ్రవరి 2, ఆదివారం

చర్చిలో పూజ అయి వచ్చేసరికి వ్యాన్ వెనక సీట్లన్నీ పీకి వాకిట్లో వరసగా పెట్టాడు అన్నయ్య. దిగిపోవాల్సిన చోటు వచ్చినట్టు ఎండలో కూర్చున్నాయి అవి. పన్నెండేళ్ళు కాన్వెంటు పిల్లల్ని మోసిన బండి. స్టీరింగు నా చేతుల్లోనే అరిగింది. స్కూలు వాళ్ళు సొంత బస్సులు కొనుక్కున్నాక ఏడాదిగా జామచెట్టు కింద ఊరికే నిలబడి ఉంది.

"అమ్మేద్దామే" అని ఈయన పోరు. "అమ్మొద్దు బావగారూ, ఇల్లు చేద్దాం" అని అన్నయ్య. ముప్పై ఏళ్ళు ఓడలో పనిచేసి దిగిన మనిషి కదా... ఇల్లంటే కదలాలి ఆయనకి.

మంచం కొలత తీసుకోలేదు ఇంకా. వైన్ సీసాలు పడుకునే చోటు మాత్రం మూడుసార్లు కొలిచాడు.

ఫిబ్రవరి 5

సీసాల అర తయారైంది. ఇంజను వేడి తగలకుండా వెనక ఎడమవైపు, మంచం కింద. నాలుగు గూళ్ళు. బండి తీసి వీధి చివరిదాకా వెళ్ళి వచ్చాను. గతుకు వచ్చినప్పుడల్లా వెనక నుంచి గలగల... పిల్లలు టిఫిను డబ్బాలు కొట్టుకున్నట్టు. ఒక్క క్షణం అద్దంలో చూశాను కూడా, ఎవర్రా అది అనబోయి.

"సీసాని నిలబెట్టకూడదే బుల్లీ. పడుకోబెట్టాలి. బిరడా ఎప్పుడూ తడిగా ఉండాలి. ఎండిందంటే గాలి దూరిపోద్ది" అన్నాడు అన్నయ్య.

అమ్మ పాత నూలు చీర ఒకటి చింపి ఒక్కో సీసాకీ చుట్టాను. ఇప్పుడు చప్పుడు లేదు.

ఫిబ్రవరి 9

ఎక్కడికి వెళ్ళాలి? అన్నయ్య అరకు అంటాడు. కొండ మీద పొగమంచు, కుర్చీలు రెండు, గ్లాసులు రెండు.

మాది కేంద్రపాలిత ప్రాంతం, ఊళ్ళో కొన్న సీసా పొలిమేర దాటితే నేరం. ఎటు వెళ్ళినా ముందు ఆంధ్రా. అటు కాకినాడ రోడ్డులో చెక్‌పోస్టు, ఇటు వంతెన. బండి నడిపేది నేను, లైసెన్సు నా పేరు మీద. ససేమిరా అన్నాను.

అన్నయ్య కొలత టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత నవ్వాడు. "ముప్పై ఏళ్ళు ఏ దేశం పడితే ఆ దేశంలో వైన్ పోసినోణ్ణి. ఇప్పుడు నా దేశం మెట్టకూరు నుంచి గోదారి గట్టుదాకా. సరే, అందులోనే తిరుగుదాం."

నిజంగానే అన్నాడు!

ఫిబ్రవరి 16, ఆదివారం

మొదటి ప్రయాణం. కనకాలపేట.

పాలు పోసే సుబ్బలక్ష్మిగారు గేటు దగ్గర ఆగిపోయింది. పరుపు, దిళ్ళు, పొయ్యి, మడత కుర్చీలు. "ఏ ఊరండీ?" "కనకాలపేటండీ." "నడిచెళ్ళిపోవచ్చు కదండీ!"

వెళ్ళేసరికి నాలుగైంది. కొబ్బరి తోట పక్కన ఆపాను. కిటికీలకి నా పాత వాయిల్ చీర తెరలు. గాలి వచ్చినప్పుడు బండి మొత్తం ఊపిరి తీసుకున్నట్టు ఉంది. ఎప్పుడూ చూసే ఊరే... ఆ కిటికీలోంచి చూస్తే ఎవరో చెప్పగా విన్న ఊరిలా.

అన్నయ్య సీసా తీయలేదు. కుదుపులు తిన్న సీసాకి కాస్త విశ్రాంతి కావాలట. పడుకోనియ్యి దాన్ని, అన్నాడు. మేమూ పడుకున్నాం.

ఫిబ్రవరి 17

పొద్దున్నే తీశాడు. పొద్దున్నే! "రుచి చూడ్డానికి ఇదే వేళ. నాలిక శుభ్రంగా ఉంటాది." నేను బండి నడపాలి, తాగను. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుని కూర్చున్నాను.

"ఏం వస్తంది?"

"నేరేడు పళ్ళు. తడి మట్టి... బడి సంచీ లోపలి వాసన."

పడీ పడీ నవ్వాడు. ఓడలో ఇలా ఎవరూ చెప్పలేదట. ఆయన చెప్పేవి వేరు. ఓక్ పీపా, పొగాకు, ఎండిన గులాబీ. గ్లాసు తిప్పి, ముక్కు పెట్టి, గడగడా చెప్తాడు.

పోసేటప్పుడు సీసా మెడ గ్లాసు అంచుకి తగిలి టిక్ టిక్‌మంది. ఆయన చెయ్యి కాస్త వణికింది. చలికి అనుకున్నాను. ఏం చలి?

ఫిబ్రవరి 23

మెట్టకూరు. ఈయన చెరువు గట్టు మీద మకాం. రొయ్యల చెరువులో నీళ్ళు చిలికే చక్రాలు సాయంత్రమంతా తిరుగుతూనే ఉన్నాయి. వాటి తుంపర్లలో చిన్న ఇంద్రధనుస్సు... వచ్చి, పోయి, వచ్చి. ఈయన మేత బస్తా మీద కూర్చుని, "ఇదేం షికారే, నా పని కాడికే వచ్చారు" అంటూనే రెండు గంటలు కదల్లేదు.

వైన్‌కి ఏది ఎక్కువ చెరుపు అని అడిగాను. చలా, వేడా? "మార్పు" అన్నాడు అన్నయ్య. "పగలు కాగి రాత్రి చల్లారి, మళ్ళీ కాగి... అదే చంపేస్తది. అలా ఎండ తగిలిన సీసా మూత తియ్యంగానే తెలిసిపోద్ది. బెల్లం మాడిన వాసన. నోట్లో కూడా పెట్టక్కర్లేదు. సముద్రంలో పారబోసేసేవాళ్ళం."

మార్చి 4

రేపు విభూది బుధవారం. ఈస్టరు దాకా తపస్సు కాలం నలభై రోజులూ అన్నయ్య చుక్క ముట్టడు. ఓడలో కూడా ముట్టేవాడు కాదట. ఇతరులకి పోసి తను నీళ్ళు తాగేవాడు.

బీరువాలోంచి కెప్టెన్ సీసా తీసుకొచ్చాడు. ఆఖరి రోజున ఓడ కెప్టెన్ చేతిలో పెట్టి పంపిన సీసా. బట్టల మధ్యన ఎనిమిదేళ్ళు ఉంది. దాన్ని తీసుకెళ్ళి నాలుగో గూట్లో పడుకోబెట్టాడు. "పాస్కా పండక్కి తీద్దాం. బండిలోనే. గోదారి ఒడ్డున."

చీర ముక్క చుట్టి ముడి వేస్తుంటే నా చేతులు చూస్తూ నిలబడ్డాడు.

మార్చి 12

గోదారి ఒడ్డున కొత్తగా కడుతున్న హోటల్ మేనేజరు ఇంటికి వచ్చాడు. చిన్నవాడే, మర్యాద తెలిసినవాడు. జూన్‌లో తెరుస్తారట. "మా స్టాఫ్‌కి మీరు నేర్పాలి సార్. వైన్ ఎలా దాచాలి, ఎలా పొయ్యాలి, పాడైంది ఎలా కనిపెట్టాలి... ఈ చుట్టుపక్కల మీకన్నా తెలిసినవాళ్ళు లేరు."

అన్నయ్య చొక్కా గుండీ సరిచేసుకున్నాడు. అలా నిటారుగా కూర్చోవడం ఎన్నాళ్ళకి చూశానో.

ఒప్పుకున్నాడు.

మార్చి 19

జామచెట్టు నిండా ఎర్రచీమలు. బండిలోకి పాకుతున్నాయి. బండిని అక్కణ్ణుంచి తీసి ప్రహరీ పక్కన పెట్టాను.

ఏప్రిల్ 3

ఎండ. మధ్యాహ్నం బండి తలుపు మీద చెయ్యి వేసి వెనక్కి లాక్కున్నాను. లోపల వేడికి తెరలు కూడా కదలడం లేదు. తడి గోనె ఒకటి సీసాల మీద కప్పి వచ్చాను. సాయంత్రానికి గలగలా ఎండిపోయింది.

చెట్టు కిందకి మార్చాలి.

ఏప్రిల్ 11

మార్చలేదు. అత్తయ్య కాలు బెణికి వారమంతా ఆవిడ దగ్గరే. ఇవాళ గుర్తొచ్చి మార్చాను. రొయ్యలు పంపే తెల్ల థర్మోకోల్ పెట్టె ఒకటి తెచ్చి, సీసాలన్నీ అందులో పెట్టి, మీద తడిబట్ట వేశాను. ఇప్పుడు చల్లగానే ఉన్నాయి, చెయ్యి పెట్టి చూశాను.

అన్నయ్యకి చెప్పలేదు.

ఏప్రిల్ 20, పాస్కా ఆదివారం

గోదారి ఒడ్డు. ఎండ వాలాక వెళ్ళాం. నీళ్ళు రాగి రంగు. వంతెన మీద బస్సులు బొమ్మల్లా పోతున్నాయి, చప్పుడు ఇక్కడిదాకా రావడం లేదు. ఈ రాత్రి ఇక్కడే ఉంటాం, బండి రేపటిదాకా కదలదు. కాబట్టి నేనూ ఒక గ్లాసు.

అన్నయ్య తెల్ల చొక్కా. చేతి మీద మడిచిన తువ్వాలు. నా ముందు కూడా ఓడలో లాగే వంగి, సీసా పేరు కనిపించేలా పట్టుకుని చూపించాడు. బిరడా కొంచెం పైకి లేచి ఉంది. అంచున జిగురు. బొటనవేలితో తుడిచేశాడు.

తీశాడు. పోశాడు. టిక్ టిక్.

నా గ్లాసు ముక్కు దాకా రాకముందే తెలిసింది. బెల్లం మాడిన వాసన. దాని కింద ముక్కిపోయిన గోనె.

చూస్తున్నాను. ఆయన గ్లాసు తిప్పాడు, వెలుతురుకి పెట్టాడు, ముక్కు పెట్టాడు, కళ్ళు మూసుకున్నాడు. ఇప్పుడు పారబోస్తాడు. ఇప్పుడు...

"ఎండిన గులాబీ" అన్నాడు. "చూశావా బుల్లీ, ఎంత మెత్తగా దిగుతుందో. ఎనిమిదేళ్ళు పడుకున్న సీసా."

తాగాను. మొత్తం తాగాను. ఆయన ముఖంలో అంత వెలుగు.

ఏప్రిల్ 21

ఎండలో పెట్టింది నేను. పాడుచేసింది నేను. కానీ నా భయం అది కాదు.

ఏప్రిల్ 24

సిగ్గుగా ఉంది రాయడానికి. పరీక్షలు పెడుతున్నాను. నిన్న పాలు పొయ్యి మీద కావాలనే మాడనిచ్చాను. పక్క గదిలో పేపరు చదువుతూ తల ఎత్తలేదు. ఈయన వాకిట్లోంచి అరిచాడు, "ఏంటే ఆ కంపు!" అని. అప్పుడు అన్నయ్య కూడా ముక్కు ముడిచి, "అవునే, మాడింది" అన్నాడు.

ఇవాళ మల్లెపూలు ఆయన కుర్చీ వెనక పెట్టాను. సాయంత్రందాకా ఉన్నాయి. వాడిపోయాయి.

ఏప్రిల్ 27, ఆదివారం

బండి తలుపులు ఇంకా మూయలేదు.

పొద్దున్న టీ తనే పెడతానని వ్యాన్‌లోకి వెళ్ళాడు. బండిలో పొయ్యి మీద టీ అంటే ఇష్టం ఆయనకి. నేను వాకిలి ఊడుస్తున్నాను. బండి దగ్గరికి వెళ్ళేసరికి గుప్పుమని గ్యాస్. పొయ్యి మీట తిరిగి ఉంది. ఎప్పట్నుంచో. తెరలు మూసి ఉన్నాయి. అన్నయ్య లోపల నిలబడి, లైటరు చేతిలో, గిన్నెలో పంచదార వేసుకుంటున్నాడు. ఏదో పాట కూనిరాగం.

చీపురు వదిలేసి లోపలికి ఉరికి లైటరు లాగేశాను. అరిచాను. ఏమని అరిచానో తెలియదు. చెయ్యి పట్టి బయటికి లాగితే మెట్టు మీద తూలి కూర్చుండిపోయాడు. రెండు తలుపులూ తెరిచాను. మీట కట్టాను.

"ఏమైందే?" అన్నాడు. నిజంగా తెలియని ముఖం.

"గ్యాస్, అన్నయ్యా! నీకు రావట్లేదా?"

లేచి పంచదార డబ్బా మూత వెతుక్కుంటున్నాడు.

ఏప్రిల్ 28

మధ్యాహ్నం ఈయన చెరువుకి వెళ్ళాక అడిగాను. ఎప్పట్నుంచి?

భుజం మీద తువ్వాలు తీసి మడిచి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"కిందటి క్రిస్మస్‌కి. నువ్వు కేకు బయటికి తీశావు చూడు, అందరూ ఆహా అన్నారు. నాకేం రాలేదే. నేనూ ఆహా అన్నాను."

"మరి వైన్?"

"రంగు చూస్తాను. గ్లాసు లోపల ఎలా జారుతుందో చూస్తాను. తీపో పులుపో నాలిక్కి తెలుస్తది. మిగతాది... గుర్తున్నది చెప్తన్నాను."

ఎవరికైనా చెప్పావా అంటే తల అడ్డంగా ఊపాడు. "ముప్పై ఏళ్ళు దాంతోనే బతికానే. ముక్కు పోయిన వైన్ వాణ్ణి ఎవడు రానిస్తాడు?"

అప్పుడు నేనూ చెప్పేశాను. చీమలు, ప్రహరీ, ఎండ, కెప్టెన్ సీసా. ఏడుస్తూనే చెప్పాను.

"పాడైందా?"

"బెల్లం మాడినట్టు."

"మరి తాగావేంటే?"

"నువ్వు తాగావుగా."

ముఖం తువ్వాలులో పెట్టుకున్నాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో భుజాలను బట్టి తెలియలేదు. రెండూ అనుకుంటాను.

మే 2

కాకినాడ. నరాల డాక్టరు. ఈయన కూడా వచ్చాడు, ఎవరూ రమ్మనకుండానే.

వెళ్ళేముందు సీసాలన్నీ దించి ఇంట్లో మంచం కింద పెట్టాం. చెక్‌పోస్టు దగ్గర ఆపారు. "ఏముందమ్మా లోపల?" "మంచం, పొయ్యండి." పోలీసాయన తలుపు తీసి ఖాళీ గూళ్ళకేసి చూశాడు. అవేంటని అడగలేదు, పొమ్మన్నాడు.

డాక్టరమ్మ కళ్ళు మూయించి సబ్బు, కాఫీపొడి, కర్పూరం ముక్కు దగ్గర పెట్టింది. అన్నయ్య మూడింటికీ మర్యాదగా "తెలియట్లేదండి" అన్నాడు. ఆయన నోట ఆ మాట వినడం అదే మొదలు. తర్వాత వేళ్ళు ఆడించమంది, నడిపించింది, పేరు రాయించింది. ఫ్రాన్సిస్ అని రాశాడు. రాసేకొద్దీ అక్షరాలు చిన్నవైపోయాయి.

"వాసన పోవడం, చెయ్యి వణకడం... రెండింటికీ ఒకదానితో ఒకటి సంబంధం ఉండొచ్చు, ఉండకపోవచ్చు. స్కానింగ్ చూశాకే చెప్తానమ్మా."

తిరుగు దారిలో వెనక మంచం మీద పడుకుని కిటికీలోంచి ఆకాశం చూస్తూ వచ్చాడు. మడ చెట్లు, ఉప్పుగాలి.

మే 9

స్కానింగ్ అయింది. రిపోర్టు ఇంకా రాలేదు.

పొయ్యి బండిలోంచి తీసేశాం. టీ ఇంట్లోనే.

మే 14

అగ్రహారం. చిన్న ప్రయాణమే. పొలం గట్టున ఆపాను. థర్మోకోల్ పెట్టెలో ఒక్క సీసా, ఊళ్ళో కొన్నదే. ఇప్పుడు మేము వెళ్ళేటప్పుడే ఎక్కిస్తాం, రాగానే దించుతాం. బండిలో ఏదీ నిలవ ఉండదు. ఇన్నాళ్ళకి తెలిసింది ఈ చిన్న సంగతి.

అన్నయ్య పోశాడు. గ్లాసు నాకు ఇచ్చాడు. తను తీసుకోలేదు.

"చెప్పు."

చెప్పాను. అత్తిపండు. కొత్త పుస్తకం. వాన పడబోయే ముందు డాబా.

"ఇంకా నిదానంగా చెప్పు."

కళ్ళు మూసుకున్నాడు. నేను చెబుతూ ఉంటే పెదాలు కదుపుతున్నాడు, నా మాటల్ని లోపల ఎక్కడో తన మాటల్లోకి మార్చుకుంటున్నట్టు. చేనులో కొంగలు లేచి, కాస్త దూరంలో మళ్ళీ వాలాయి. ఎంతసేపు అలా ఉన్నామో. ఎండ గ్లాసులోంచి ఆయన మోకాలి మీద ఎర్రటి మచ్చలా పడి, మెల్లగా జరిగి, గడ్డిలోకి దిగిపోయింది.

"బాగున్న సీసాయేనా?" అన్నాడు ఆఖరికి.

"బాగున్నదే."

"ఒట్టు?"

"ఒట్టు."

అప్పుడు తాగాడు.

మే 20

హోటల్ నుంచి ఫోన్. గురువారం ఒకసారి రమ్మన్నారు. కొన్ని సీసాలు వచ్చాయట, ఏవి ఉంచాలో ఏవి తిప్పి పంపాలో చూసి చెప్పాలట.

ఈయన, "చెప్పెయ్యండి బావగారూ, ఆరోగ్యం బాలేదని. అంతే కదా" అన్నాడు. అన్నయ్య అన్నం కలుపుతూ, "అబద్ధం కాదు గానీ... అది నిజం కూడా కాదు కదండీ" అన్నాడు.

నా ముక్కు అరువివ్వమని అడగలేదు. నేనూ ఇస్తాననలేదు.

మే 22, గురువారం

హోటల్ ముందు, బండిలో కూర్చుని రాస్తున్నాను. ఇంకా రంగులు వేస్తున్నారు. గోదారి మీద నుంచి గాలి.

ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. గుండీలు నేను పెట్టాను, ఆయన చేతులు వద్దన్నా వణికాయి. దారిలో అడిగాను, ఏం చెప్తావు అని. "లోపలికెళ్ళేదాకా తెలీదే" అన్నాడు. దిగేటప్పుడు డాష్‌బోర్డు మీద అరచెయ్యి ఒకసారి ఆనించి వెళ్ళాడు.

గంట దాటింది. మొదట్లో అద్దాల వెనక ఇద్దరూ కనిపించారు. మేనేజరు నిలబడి ఉన్నాడు, అన్నయ్య కూర్చుని. బల్ల మీద సీసాలు. తర్వాత ఎవరో తెర లాగేశారు.

మధ్యలో కాకినాడ నుంచి ఫోన్. రిపోర్టు వచ్చిందట, రేపు రమ్మన్నారు. ఎలా ఉందండీ అంటే డాక్టరమ్మే చెప్తారన్నారు.

తలుపు తెరుచుకుంది. అన్నయ్య. మెట్ల మీద నిలబడి ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని నాకోసం చూస్తున్నాడు. వెనక మేనేజరు. ఇద్దరి ముఖాలూ నీడలో ఉన్నాయి.

"బుల్లీ! ఓసారి లోపలికి రా!"

ఇంటికి వెళ్దామనడానికైతే లోపలికి ఎందుకు? మరి దేనికి... ఆ సీసాలు నాచేత వాసన చూపించడానికా? చెయ్యి ఊపుతున్నాడు. వస్తున్నా అన్నయ్యా.